కింద పెట్టిన కప్పు

ధైదాన్ హోటల్లో దిగాడంటే ఒంటెల మైదానంలో ముందు ఎవరూ నమ్మలేదు. రియాద్ బయట ఇసుకలో ప్రతి శీతాకాలం ఒంటెల అందాల పోటీలు జరుగుతాయి. తెగ తెగంతా అక్కడ గుడారాలు వేసుకుని, నిప్పు రాజేసుకుని, దారినపోయేవాడిని కూడా కేకేసి పిలిచి కాఫీ పోస్తూ కూర్చుంటుంది. అందులో ధైదాన్ గుడారం సంగతి చెప్పనే అక్కర్లేదు, అక్కడ నిప్పు ఆరడం ఎవరూ చూడలేదు. అలాంటివాడు ఈసారి, అదీ తన ఒంటె యమామా మొదటి బహుమతి గెలిచిన ఏడాది, నగరం నడిబొడ్డున అద్దాల మేడలో అందరికంటే పై అంతస్తు అపార్ట్‌మెంటు తీసుకున్నాడు. గెలుపు నెత్తికెక్కిందన్నారు కొందరు. ముసలాడికి నడుం నొప్పి, మెత్తటి పరుపు కావాల్సొచ్చిందన్నారు ఇంకొందరు. రెండూ కాదు. ధైదాన్ పగ తీర్చుకోవడానికి దిగాడు.

ఆ అపార్ట్‌మెంటు అతని భార్య మూధీకి మొదటి గంటలోనే మొహం మొత్తింది. కిటికీలు తెరుచుకోవు. తివాచీలో కాలు పెడితే మడమ దాకా దిగుతుంది. స్నానాల గదిలో తొట్టి చూసి, ఇందులో నాలుగు ఒంటెలకి నీళ్ళు పెట్టొచ్చు, మనిషి మునగడానికి ఇంత నీళ్ళు తగలేస్తారా అని తిట్టింది. వంటింట్లో నల్లటి అద్దం పలక ఒకటి పెట్టి అదే స్టవ్ అన్నారు, దానికి మంట లేదు. ఇల్లు వాసనగా ఉందని ఆవిడ కాస్త బొగ్గు రాజేసి అగరు వేసిందో లేదో, పైకప్పులోంచి ఏదో గావుకేక పెట్టింది. మేనేజరు, ఇద్దరు మనుషులు ఆయాసపడుతూ పరిగెత్తుకొచ్చారు.

"నిప్పు పెట్టకూడదమ్మా, క్షమించాలి," అన్నాడు మేనేజరు చేతులు నలుపుకుంటూ. "మీరు మా అతిథులు. ఏం కావాలన్నా మేమే పంపిస్తాం."

మూధీ రుసరుసలాడింది గానీ, సోఫాలో కూర్చున్న ధైదాన్ మాత్రం గడ్డంలో నవ్వుకున్నాడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి అతను ఇంకొకరికి అతిథి అయింది తక్కువ. ఈ మాట తన చెవిన పడాలనే ఇంతదూరం వచ్చి ఇంత ఖర్చు పెట్టాడు.

"ఏమయ్యా, దల్లా ఏ మూటలో ఉంది?" అని అడిగింది మూధీ. దల్లా అంటే వాళ్ళ ఇత్తడి కాఫీ కూజా, అత్తగారి చేతి నుంచి ఆవిడ చేతికి వచ్చింది.

"దాని జోలికి పోకు. రేపు వచ్చేవాళ్ళకి కాఫీ హోటలోళ్ళే తెస్తారు."

"హోటలు కాఫీయా! నీకేమన్నా మతి పోయిందా? గుమ్మంలోకి వచ్చినోడికి అద్దెకి తెచ్చిన కాఫీ పోస్తావా? మీ అమ్మ బతికుంటే చెప్పు తీసుకునేది."

"తీసుకునేదే. అందుకే ఆవిడ పోయేదాకా ఆగాను."

"ఎవరెవర్ని పిలిచావేంటి?"

"అబూ షాఫీని. ఆయనతో కూర్చునే పెద్దాళ్ళందర్నీ." గోడ వైపు చూస్తూ అన్నాడు, "మర్జూక్‌ని కూడా."

మూధీ చేతిలోని ఖర్జూరాల పళ్ళెం బల్ల మీద ఠప్పుమంది.

ఆ పేరు వాళ్ళింట్లో పలికి ఏళ్ళయింది. అప్పట్లో వాళ్ళకి షఖ్రా అని ఆడ ఒంటె ఉండేది. తేనె రంగు, పొడుగు మెడ, వేలాడే కింది పెదవి, నడిస్తే పెళ్ళికూతురి నడక. మర్జూక్ దాన్ని సంతలో అడిగాడు, ధైదాన్ ఇవ్వనన్నాడు. రెట్టింపు ఇస్తానన్నాడు, అయినా ఇవ్వనన్నాడు. అప్పుడు ఓ శీతాకాలం మర్జూక్ నలుగురు మనుషుల్ని వెంటేసుకుని యబ్రీన్ దగ్గర ధైదాన్ గుడారానికి వచ్చాడు. కాఫీ పోశారు. మర్జూక్ కప్పు అందుకున్నాడు, పెదవికి తాకించకుండా ఇసుక మీద పెట్టాడు.

అలా పెడితే గుడారంలో ఊపిరాగిపోతుంది. నేను ఒక పని మీద వచ్చాను, అది ఇస్తావన్నాకే నీ కాఫీ తాగుతాను అని దాని అర్థం. ఇంటాయన ఏం కావాలని కూడా అడగకూడదు. తాగు, నువ్వొచ్చిన పని అయినట్టే అనాలి. తాగకుండా అతిథి లేచిపోతే ఆ ఇంటి పరువు మళ్ళీ లేవదు. పొరపాటున మనిషిని చంపి క్షమాపణ కోసం వచ్చినవాడు, దిక్కులేని వాళ్ళకి నీడ అడిగేవాడు, అలాంటివాళ్ళు పెట్టే కప్పు అది. పెద్దలు దాన్ని అందుకోసం దాచి ఉంచారు. మర్జూక్ లాంటి వెధవ దాన్ని ఒంటె బేరానికి వాడతాడని వాళ్ళు కల్లో కూడా అనుకుని ఉండరు.

ఎవరి ప్రాణం మీదికి వచ్చిందో పాపం అనుకుని ధైదాన్ వెంటనే అనేశాడు, "తాగు మర్జూక్, నువ్వొచ్చిన పని అయినట్టే." మర్జూక్ కాఫీ తాగి, మూతి తుడుచుకుని, షఖ్రాని అడిగాడు.

షఖ్రాకి అప్పుడు పాలు తాగే పిల్ల ఉంది. మూధీయే తల్లిని చేత్తో నడిపించి మర్జూక్ లారీ ఎక్కించింది. లారీ ఇసుకతిన్నె దాటేదాకా తల్లి అరుపులు వినపడ్డాయి, పిల్ల అరుపులు ఆ తర్వాత కూడా చాలాసేపు వినపడ్డాయి. మర్జూక్ ఆ ఒంటెని పోటీకి దింపాలనుకున్నాడు. ఉన్న అందం చాలక, పెదవి ఇంకా వేలాడాలని దొంగచాటుగా సూదిమందు పొడిపించాడు. మూతి చీముపట్టింది. మేత ముట్టలేక, ఎండలు ముదరకముందే చచ్చిపోయింది. ఆ కబురైనా వాడు పంపలేదు, మూడో మనిషి నోట విన్నారు. ఆ రోజు నుంచి మూధీ మగాళ్ళ కోసం కాఫీ కాచి లోపల్నుంచి పంపేది గానీ, తన చేత్తో ఎవరికీ కప్పు అందించలేదు.

ఆ పిల్లే యమామా. మూధీ దానికి సీసాతో పాలు పట్టి పెంచింది.

"వాడు మళ్ళీ కప్పు కింద పెడతాడు," అంది మూధీ. "యమామా గెలిచిన దగ్గర్నుంచి వాడు దాని చుట్టూ తిరుగుతున్నాడట. పెద్దల ముందు పెట్టాడంటే యమామా పోతుందయ్యా."

"పెట్టాలనే పిలిచాను."

"పిచ్చెక్కిందా నీకు?"

"మూధీ, ఈ ఇల్లెవరిది?"

"హోటలోళ్ళది."

"కప్పులు? కాఫీ? పోసేవాడు?"

మూధీ నోరు తెరిచి, మూసుకుంది. మళ్ళీ తెరిచింది. "ఓరి నీ... నువ్వు ఇంటాయనవి కావు. నువ్వూ అతిథివే." కళ్ళలో మెరుపు ఒకటి వచ్చి వెంటనే ఆరిపోయింది. "అబూ షాఫీ ఒప్పుకోవాలిగా? పిలిచినోడే ఇంటాయన, గోడలు ఎవరివైతే ఏంటి అన్నాడనుకో. తెగలో ఆయన మాటే తీర్పు."

ధైదాన్ రాత్రంతా మెత్తటి పరుపు మీద అటూ ఇటూ దొర్లాడు.

మర్నాడు మధ్యాహ్నం నమాజు అయ్యాక అందరూ వచ్చారు. ముందు అబూ షాఫీ, తెల్ల గడ్డం, చేతిలో కర్ర, లిఫ్టు ఎక్కినందుకు ఇంకా చిరాగ్గా ఉన్నాడు. వెనకాల పెద్దలు. చివర్న మర్జూక్, బంగారు అంచు నల్ల అంగీ భుజాన వేసుకుని, పెళ్ళికొడుకులా. వచ్చీరాగానే ధైదాన్‌ని కావలించుకుని ముక్కుకి ముక్కు తాకించాడు. ధైదాన్ తాకనిచ్చాడు. లోపలి గది తలుపు వేలెడంత తెరిచి ఉంది, దాని వెనక మూధీ.

"ఏం మేడ, ఏం మేడ!" అన్నాడు మర్జూక్ సోఫా మీద చతికిలబడి. "మన ధైదాన్ షేకైపోయాడర్రా. ఇంక ఒంటె పాలు కూడా గ్లాసులో స్ట్రా వేసుకుని తాగుతాడు."

అందరూ నవ్వారు. ధైదాన్ కూడా నవ్వాడు.

హోటల్ పంపిన నేపాలీ మనిషి ఒకడు కాఫీ తెచ్చాడు. పాపం అతనికి అరబ్బు కోటు తొడిగి, నడుముకి ఉత్తుత్తి బాకు ఒకటి కట్టారు. అతను ఎంతో మర్యాదగా వంగి, మొదటి కప్పు అబూ షాఫీకి అంచుదాకా పోశాడు. రెండోదీ అంచుదాకా. మూడోదీ అంతే.

ముసలాళ్ళు కప్పుల వంక, ఒకరి మొహాల వంక ఒకరు చూసుకున్నారు. కప్పు అడుగున రెండు గుక్కలు పోస్తే కూర్చోమని, అంచుదాకా నింపితే తాగి దయచెయ్యమని. పాలు మరిచిన పిల్లాడికి కూడా అక్కడ ఆ సంగతి తెలుసు. అబూ షాఫీ కనుబొమలు ముడిపడ్డాయి. ఎలా పొయ్యాలో ధైదాన్ హోటల్ వాళ్ళకి చెప్పలేదు. మాటవరసకి చెప్పినా, ఈ కాఫీ మీద తన చెయ్యి పడ్డట్టేనని భయపడ్డాడు.

అతన్ని ఆదుకున్నది మర్జూక్. యమామా చేతికందే వేళ పెద్దాళ్ళు అలిగి లేచిపోతారేమోనని వాడి కంగారు వాడిది.

"అయ్యో, తప్పు పట్టకండి!" అని పెద్దగా నవ్వాడు. "ఇది ధైదాన్ కాఫీనా ఏంటి? హోటలు కాఫీ. పోసింది హోటలు మనిషి. మధ్యలో మన ధైదాన్ ఏం చేశాడు? మనలాగే వాడూ ఇక్కడ అతిథేగా! కానివ్వండి అబూ షాఫీ, తాగండి."

"అదీ నిజమేలే," అన్నాడు అబూ షాఫీ మొహం సడలించి. "హోటలోడికి మన మర్యాదలు ఏం తెలుస్తాయి." తాగాడు. పెద్దలందరూ తాగారు.

తలుపు వెనక ఏదో చిన్న చప్పుడైంది. మూధీ నోట్లో ముసుగు అంచు కుక్కుకుంది.

మర్జూక్ తన కప్పు అందుకున్నాడు. గది అంతా ఓసారి కలయజూశాడు, సాక్షులు సరిపోతారు. నిండు కప్పుని తొణక్కుండా జాగ్రత్తగా దించి, తివాచీ మీద తన పాదాల ముందు పెట్టాడు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఏసీ హోరు ఒక్కటే వినపడుతోంది.

"ధైదాన్," అన్నాడు మర్జూక్ గొంతు మెత్తగా చేసుకుని. "నీ కాఫీ తాగను. నేను వచ్చిన పని అవుతుందంటే తప్ప తాగను. పెద్దలు చూస్తున్నారు."

ధైదాన్ తొందరపడలేదు. ఇన్నేళ్ళూ ఎదురుచూసిన క్షణం, ఇంకాస్త నానితే ఏం పోయింది? ఒక ఖర్జూరం తీసుకుని, గింజ తీసి, నిదానంగా నమిలాడు. అప్పుడన్నాడు, "ఎవరి కాఫీ?"

"నీ కాఫీ."

"నాదా? ఇందాకే కదా హోటలు కాఫీ అన్నావు. నేనూ అతిథినే అన్నావు. నీ మాట మీదే కదా పెద్దాళ్ళు తాగింది."

మర్జూక్ మొహంలో కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు. "అది... అది నవ్వులాటకి..."

"నవ్వులాటకా? అయితే అబూ షాఫీకి నిండు కప్పు పోసి అవమానించింది నేనేనంటావా? ఇప్పుడు చెప్పు, అందరి ముందూ చెప్పు."

అందరి కళ్ళూ అబూ షాఫీ మీదికి తిరిగాయి. ఆ పెద్దాయన కర్ర మీద గడ్డం ఆనించి చాలాసేపు కళ్ళు మూసుకున్నాడు. ధైదాన్ కళ్ళకి ఆ గదిలో ఎవరూ కనపడలేదు. ఎక్కడో మైదానంలో నెమరువేసుకుంటున్న యమామా ఒక్కటే కనపడింది.

"మర్జూక్," అన్నాడు చివరికి అబూ షాఫీ. "ఈ కాఫీ ధైదాన్‌ది కాదని నీ నోటితోనే అన్నావు. మేం ఆ మాట పట్టుకునే తాగాం. నువ్వు పెట్టిన కప్పు ధైదాన్ మీద చెల్లదు."

"విన్నావుగా," అన్నాడు ధైదాన్. గొంతులో ఇన్నేళ్ళ మంటంతా పైకొచ్చింది. "కిందికి పో. మేనేజరు అని ఒకాయన ఉంటాడు, కాఫీ ఆయనది. ఆయన కాళ్ళ దగ్గర పెట్టు నీ కప్పు. మంచివాడు, ఓ సబ్బుబిళ్ళో తువ్వాలో ఇస్తాడు. యమామాని ఇవ్వడు. ఒరేయ్, షఖ్రా మూతికి సూదులు పొడిచావే, అది నీకేం చేసిందిరా? దాని పిల్ల కూడా కావాల్సొచ్చిందా నీకు?"

ఎవరో మూలన కిసుక్కుమన్నారు. తువ్వాలు మాటకి అబూ షాఫీ గడ్డం కూడా కదిలింది. మరుక్షణం గదంతా గొల్లుమంది. మర్జూక్ కప్పు ఎత్తి తాగలేడు, తాగితే అన్న మాట మింగినట్టే. వదిలేసి లేవలేడు, లేస్తే ఓడినట్టే. ఆ నేపాలీ మనిషి ఇదంతా ఎరగడు. చల్లారిన కప్పు చూసి నొచ్చుకుని, గబగబా వచ్చి దాన్ని నేల మీంచి తీసేసి, "సార్, వేడిది తెమ్మంటారా?" అన్నాడు. ఆ తెగలో అలా పెట్టిన కప్పుని, ఇంటాయన మాట దక్కకుండా, ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు. మర్జూక్ అంగీ నేల మీద ఈడ్చుకుంటూ, చెప్పులు చేత్తో పట్టుకుని లిఫ్టు దాకా నడిచాడు. లిఫ్టు వచ్చేదాకా నవ్వులు వింటూ అక్కడే నిలబడాల్సి వచ్చింది.

నవ్వులు సద్దుమణిగాక అబూ షాఫీ లేచాడు. కప్పు అటూ ఇటూ ఊపి, ఇంక చాలని పక్కన పెట్టాడు.

"అప్పుడే లేచారేంటి? కూర్చోండి," అన్నాడు ధైదాన్.

"వాడికి తగిన శాస్తే చేశావు. నేనైనా ఏదో ఒకటి చేసేవాణ్ణే." ముసలాయన గొంతులో కోపం లేదు, అదే ధైదాన్‌కి కష్టంగా తోచింది. "కానీ నువ్వు పిలిస్తే మేం నీ ఇంటికి వచ్చామనుకున్నాం. ఇది నీ ఇల్లు కాదని, కాఫీ నీది కాదని ముందే అనుకుని పిలిచావు. మరి మేం ఎవరింటికి వచ్చినట్టు ధైదాన్? వాడికి వల పన్ని, మమ్మల్ని గింజల్లా చల్లావు."

అందరూ ఒక్కొక్కరే చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

మూధీకి అవేవీ పట్టలేదు. తలుపు తోసుకుని వచ్చి, మర్జూక్ కూర్చున్న సోఫా ముందు వాడి నడక నడిచి చూపించింది. చెప్పులు చేత పట్టుకుని, తల వేలాడేసి. నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. షఖ్రా పోయాక ఆవిడ అలా నవ్వడం ధైదాన్ చూడలేదు. కడుపులో ఏళ్ళ తరబడి రగిలిన బొగ్గు మీద నీళ్ళు పోసినట్టయింది ఇద్దరికీ. ఆ నీళ్ళ తొట్టి నింపుకుని మూధీ అందులో కాళ్ళు కూడా పెట్టింది.

సాయంత్రం ధైదాన్ మైదానానికి వెళ్ళాడు. యమామా మెడ నిమిరి, దాని మూతి చేతిలోకి తీసుకుని కాసేపు నిలబడ్డాడు. మర్జూక్ తన ఒంటెల్ని లారీలెక్కించి వెళ్ళిపోయాడని కాపరులు పళ్ళికిలిస్తూ చెప్పారు. ఆ హుషారులో ధైదాన్ అబూ షాఫీ గుడారానికి నడిచాడు. నిప్పు చుట్టూ పెద్దలు కూర్చుని ఉన్నారు. సలాం అన్నాడు, సలాం అన్నారు. జరిగి చోటిచ్చారు.

అబూ షాఫీ ఎవరికీ చెప్పకుండా తనే కూజా అందుకున్నాడు. ఆ వయసులో ఆయన తన చేత్తో పొయ్యడం ఎంతో గౌరవం. ధైదాన్ రెండు చేతులతో కప్పు చాచాడు. రెండు గుక్కలయ్యాయి, ధార ఆగలేదు. సగమైంది, ఆగలేదు. అంచుదాకా వచ్చి వేళ్ళ మీద ఒలికాకే అబూ షాఫీ కూజా ఎత్తాడు.

ఎవరూ తల ఎత్తలేదు.

ధైదాన్ ఆ కాఫీని నాలుక కాలుతున్నా ఆఖరు చుక్క దాకా తాగాడు. కప్పు ఊపి, తిరిగి ఇచ్చి, లేచి వచ్చేశాడు.

తలుపు తీసిన మూధీ అతని మొహం చూసింది. "అబూ షాఫీ దగ్గరికి పోయావా?"

"ఊఁ."

"కాఫీ పోశారా?"

"ఆయనే పోశాడు."

"ఎంత?"

"అంచుదాకా."

మూధీ లోపలికి పోయి మూట విప్పింది, దల్లా తీసింది. ఆ నల్ల పలక మీద నీళ్ళు కాగడానికి ఎంతో సేపు పట్టింది, ఆవిడ దాన్ని తిడుతూనే యాలకులు దంచింది. తర్వాత వచ్చి, ఎడం చేత్తో కూజా పట్టుకుని, కుడి చేత్తో భర్తకి కప్పు అందించింది. అడుగున రెండు గుక్కలే.

"తీసుకో," అంది. "ఇది నా కాఫీ. అడిగేదేమన్నా ఉంటే ముందే అడుగు."

ధైదాన్ కప్పు అందుకుని, తివాచీ మీద పెట్టాడు.

"చేసిందానికి నేను బాధపడను మూధీ. రేపైనా మళ్ళీ చేస్తాను."

"నేను మాత్రం బాధపడుతున్నానా? అడగవయ్యా."

"ఇంటికి పోయాక నిప్పు ఆరనీకు. ఎవరూ రాకపోయినా సరే, ఎన్నాళ్ళైనా సరే."

"మర్జూక్ వస్తే?"

"వాడికీ పొయ్. అంచుదాకా."

"తాగు," అంది మూధీ. "నువ్వొచ్చిన పని అయినట్టే."